గుమ్మం దగ్గర అనకూడని మాట

రాజుగారు చీర కట్టుకుని పారిపోయారు. అందులో ఆయన తప్పేమీ లేదు. ప్రాణం మీదికి వచ్చాక పంచె అయితేనేం, చీర అయితేనేం. కొత్త పెళ్లికూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు పల్లకీ ఎక్కారు, తెర దించుకున్నారు, వెనకాల ఆడవాళ్లు ఏడుస్తూ నడిచారు. అంతా బాగానే జరిగింది. తీరా కోట గుమ్మం దాటే చోట పాత అలవాటు ఊరుకోనివ్వలేదు. తెర తీసి, మీసాలున్న తల బయట పెట్టి, "వెళ్లొస్తాం!" అన్నారు.

రాజుగారిది నగారా గొంతు. జమ్మిపేట సంతంతా విన్నది. జనం తేరుకునేసరికి బోయీలు ఏరు దాటేశారు.

నేను ఆ గుమ్మానికి కాపలావాణ్ణి. పేరు అసిరయ్య. రాజుగారున్నప్పుడూ నేనే, ఆయన పోయాకా నేనే. ప్రభుత్వం మారినంత మాత్రాన తలుపుల బరువు తగ్గదు కదా, ఎవడో ఒకడు తియ్యాలి.

కొత్తగా వచ్చింది విప్లవ ప్రజాసమితి. మొదట్లో మంచి పనులే చేసింది. రాజుగారి తోటలో మామిడికాయలు ఎవరైనా కోసుకోవచ్చన్నారు. కోసుకున్నాం. ఇకమీదట పెద్దా చిన్నా లేదు, అందరూ ఒకరినొకరు 'సమానా' అని పిలుచుకోవాలన్నారు. అది మాత్రం మా ఇంటావిడ పోలమ్మకి పడలేదు.

"సామానేటి? ఎవుల సామాను?" అంది.

సమితికి అధ్యక్షుడు జోగినాథం మేష్టారు. బడిలో వ్యాకరణం చెప్పేవారు. చెడ్డ మనిషి కాదు. కోడిని కోస్తుంటే మొహం తిప్పుకునే రకం. కాకపోతే ఎవరైనా మాట తప్పు పలికితే ఆయనకి ఒంట్లో జెర్రి పాకినట్టుండేది. ఆయన గెలిచిన మొదటి వారమే ఊరివాళ్లందర్నీ కోట లోపల కూర్చోబెట్టి, నల్లబల్ల తెప్పించి, దాని మీద రాజుగారి మాట రాశారు.

"సమానులారా! ప్రజాశత్రువు నిష్క్రమిస్తూ పలికిన వాక్యమిది. దీన్ని విడదీద్దాం. వెళ్లి, అనగా గమనం. వస్తాం, అనగా?"

ఆయనే ఆ మాట కింద సుద్దముక్కతో గీత గీశారు.

"పునరాగమనం! భవిష్యత్కాలం, ఉత్తమపురుష, బహువచనం. బహువచనం, సమానులారా! ఒక్కడు రాడు. సైన్యంతో వస్తాడు."

అప్పుడు హవల్దారు సోంబాబు లేచాడు. మొన్నటిదాకా రాజుగారి దగ్గర తుపాకీ పట్టినవాడు, ఇప్పుడు అదే తుపాకీ సమితి తరపున పట్టాడు. "రాజులు ఒక్కలున్నా మేము అనే అంటారండి. అలవాటు. ఎల్లొస్తాననీది ఎవులైనా అనీదే గదండి" అన్నాడు.

మేష్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"రాజు తరపున వ్యాఖ్యానం చెప్తున్నావా, సమానా?"

సోంబాబు కూర్చున్నాడు. ఆ కూర్చోవడంతో వాడు మారిపోయాడు. మళ్లీ దేనికీ సొంత అర్థం చెప్పలేదు. ఏది రాసుంటే అది చదివేవాడు, ఏది చదివితే అది చేసేవాడు.

సభ అయిపోయింది. జనం లేచి, పంచెలు దులుపుకుని, మర్యాదగా చేతులు జోడించి, ఊరంతా ఒక్క గొంతుతో, "ఎల్లొస్తాం మేష్టారూ!" అన్నారు.

మేష్టారి చేతిలో సుద్దముక్క కింద పడింది. నేను గుమ్మం దగ్గర్నించి చూస్తూనే ఉన్నాను. ఆయన మొహంలో రక్తం లేదు. కుట్రలో ఊరంతా ఉందని అప్పుడే ఆయనకి తెలిసింది.

వారం తిరక్కుండా గుమ్మం పక్కన బోర్డు వెలిసింది. పైన రాజధానిలోని పెద్ద సమితి ముద్ర. 'పునరాగమన నిషేధ శాసనము' అని ఉంది. ఆ మొదటి మాట నేను మూడు ముక్కలు చేసుకుని చదివాను. కింద రెండు నిబంధనలు. ఒకటి: కోట గుమ్మము దాటు ప్రతి వ్యక్తియు తన నోటితో, తన తరపున, 'పోతున్నాను' అను గమనవాక్యమును పలికియే దాటవలెను. రెండు: 'వెళ్లొస్తాను' అని గానీ, 'వస్తాను' అని గానీ పలికిన వ్యక్తి గుమ్మము దాటరాదు, తక్షణము సమితి ఎదుట హాజరుపరచవలెను. ఇంటి గుమ్మాలకి కూడా శాసనం వర్తిస్తుందని దండోరా వేయించారు. చూరుల కింద నిలబడి వినడానికి మనుషుల్ని పెట్టారు. వాళ్ల పేరు శ్రవణ సమానులు. ఊళ్లో చెవులోళ్లు అనేవారు.

మా వైపు 'పోతున్నాను' అని ఎవరంటారు? పాడె మీద పడుకున్నవాడికైనా ఆ మాట అనే ఓపిక ఉండదు. గుమ్మంలో నిలబడి ఆ మాట అనడమంటే ఇంటికి నిప్పు పెట్టి బయల్దేరడమే.

దాంతో ఏమైందంటే, ఎవరింటికి వచ్చినవాళ్లు వాళ్లింటే ఉండిపోయారు. తెలకల వీధిలో కొత్త అల్లుడొకడు ఆషాఢానికి ముందు అత్తారింటికి వచ్చాడు. 'వెళ్లొస్తా'నంటే చెవులోళ్లు, 'పోతున్నా'నంటే అత్తగారు. దీపావళికి కూడా అక్కడే ఉన్నాడు. మామగారు మొదట కోడిని కోశాడు, తరవాత పప్పు పెట్టాడు, ఆ తరవాత అల్లుడి చేతికి పార ఇచ్చాడు. పెళ్లిసంబంధం చూడటానికి వచ్చినవాళ్లు పిల్ల నచ్చకపోయినా కదల్లేక, చివరికి పిల్లని చేసుకున్నారు. రాజధానికి మేష్టారు రాశారు: ప్రజలు ఇళ్లను విడిచి పారిపోవుట పూర్తిగా ఆగినది.

సమితివాళ్లకీ ఆ తిప్పలు తప్పలేదు. ఒకరోజు సమావేశానికి కూర్చున్నారు. చర్చ అయిపోయింది. ఎవరూ లేవరు. ముందు లేచినవాడు గుమ్మంలో 'పోతున్నాను' అనాలి. సమితిలో ఆ మాట అంటే పదవి పోతున్నట్టా, ప్రాణం పోతున్నట్టా, ఏ పక్కవాడు ఎలా రాసుకుంటాడో తెలీదు. రెండో రోజు చాపలు తెప్పించారు. తరవాత వంటమనిషిని పెట్టుకున్నారు. ఆఖరికి మేష్టారే దారి కనిపెట్టారు. ఇది ముగియని సమావేశమని, విప్లవానికి విరామం లేదని తీర్మానం చేశారు. అప్పట్నించి స్నానానికీ నిద్రకీ ఇంటికి వెళ్లడం కూడా సమావేశంలో భాగమే, కాబట్టి వెళ్లినట్టు కాదు. నేను తలుపు తీసి పట్టుకుంటే ఏమీ అనకుండా దాటిపోయేవారు.

బడిలో 'వచ్చు' ధాతువుకి భవిష్యత్కాలం తీసేశారు. జాలరి వీధిలో గాలివాన 'వస్తంది' అన్నవాడిని పట్టుకెళ్లారు. గాలివాన రానే వచ్చింది. అది కూడా వాడి మీదే రాశారు.

ఇదంతా నవ్వుకునేలాగే ఉండేది, గాజుల కామేశం దాకా.

కామేశం ఇంటింటికీ తిరిగి గాజులు తొడిగేవాడు. మెత్తటి మనిషి. ఏ ఇంట్లో గాజులు తొడిగినా లేచేటప్పుడు, "ఎల్లొస్తాను తల్లీ, సల్లగుండు" అనేవాడు. అలా ఎన్నిళ్లలో అన్నాడో చెవులోళ్లు చెప్పారు. సమితి వాడికి 'శాశ్వత గమనం' విధించింది. మరణశిక్ష అనే మాట సమితి వాడేది కాదు. ఆ మాటలో మర్యాద లేదట. ఉన్నది ఉన్నట్టు చెప్పాలని బోర్డు పెట్టింది కూడా వాళ్లే.

కోట లోపల నెత్తురు పడకూడదని ఇంకో తీర్మానం ఉంది. అందుకని శాశ్వత గమనం వాళ్లని నా గుమ్మం దాటించి, కందకం అవతల తాటితోపులోకి తీసుకెళ్లేవారు. ఇంకో గుమ్మం ఉండేది గానీ రాజుగారు వస్తారన్న భయంతో ఇటుకలు పెట్టి కట్టేశారు.

కామేశం వచ్చాడు. భుజాన గాజుల మలారం అలాగే ఉంది. దాన్ని గుమ్మం పక్కన జాగ్రత్తగా దించాడు. బోర్డు వంక చూశాడు. బడిపిల్లాడు పద్యం అప్పజెప్పినట్టు నిలబడి, "పోతన్నాను" అన్నాడు. తరవాత మేష్టారి మొహంలోకి చూశాడు.

"సరిగ్గా అన్నానా, మేష్టారూ?"

"సరిగ్గా అన్నావు" అన్నారు మేష్టారు. నిజంగానే సంతోషించారు.

కామేశం కూడా నవ్వాడు. ఆ మాట సరిగ్గా అంటే వదిలేస్తారనుకున్నాడు, పాపం. తాటితోపులో తుపాకులు పేలేదాకా అనుకునే ఉంటాడు. మలారం గుమ్మం పక్కనే ఉండిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు. గాలి వేస్తే గాజులు కదిలేవి.

ఆ రోజు నేను ఇంటికి వెళ్లి అన్నం తినలేదు.

మా ఇంట్లో మాటలన్నీ పోలమ్మవే. నా వంతు ఒక్కటే. పొద్దున్నే గుమ్మానికి బయల్దేరేటప్పుడు 'వస్తా' అనేవాణ్ణి. పెళ్లయిన దగ్గర్నుంచీ అంతే. శాసనం వచ్చాక, సమావేశం కాపలావాడికి గమనవాక్యం అక్కర్లేదన్నారు గనక, అది కూడా మానేశాను. చూరు కింద చెవి ఉంది మరి.

"అదేటి, మాటాడకుండా ఎల్లిపోతన్నావు?" అంది పోలమ్మ. "శవం కూడా నలుగురు సెప్తే గాని కదల్దు. నీవు శవం కన్నా కనాకష్టమైపోనావేటి?"

నేను చూరు వైపు చూపించాను.

"వాడి సెవిలో సీసం పొయ్య! నా మొగుడు నాకు సెప్పి ఎల్తే వాడికేటి నొప్పి?" అని చూరుకి వినపడేలాగే అంది. నేను తల వంచుకుని నడిచాను. వీధి మలుపు దాకా ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది.

కామేశం పోయిన కొన్నాళ్లకి పోలమ్మ చెల్లెలి కూతురికి నొప్పులొస్తున్నాయని ఏటవతలి ఊరి నుంచి కబురొచ్చింది. నేను గుమ్మంలో ఉన్నాను. పోలమ్మ కోట లోపలి కొట్లో సరుకు తీసుకుని, నెత్తి మీద గంపతో తిరిగి వచ్చింది. గంపలో మిరియాలు, పాతచీర గుడ్డలు, నెయ్యి. పక్కన సోంబాబు తుపాకీతో ఉన్నాడు.

"గమనవాక్యం, అప్పా" అన్నాడు సోంబాబు. వాడికి పోలమ్మ అక్క వరస.

పోలమ్మ వాడి వంక చూడలేదు. నా వంక చూసింది. "ఉట్టి మీద అంబలి పెట్టినాను. కోడిపెట్టని గంప కింద ముయ్యి. మరి ఎల్లొస్తాను" అంది.

సోంబాబు కళ్లు మూసుకున్నాడు. "అప్పా, ఆ మాటని మింగేయే. నాను ఇన్లేదు, ఇంకోలా అను."

"ఎందుకు మింగాల? మా అమ్మ నాకదే నేర్పినాది. మీ అమ్మ నీకేటి నేర్పినాది?"

సంతకి వెళ్లేవాళ్లు వెనక వరసగా ఉన్నారు. అందులో చెవులోడు ఒకడు ఉండనే ఉన్నాడు.

విచారణ ఆ మధ్యాహ్నమే జరిగింది. మేష్టారు పెద్ద కుర్చీలో కూర్చున్నారు.

"నిందితురాలా, ఎక్కడికి వెళ్తున్నావు?"

"మా సెల్లి ఊరికి బాబూ. దాని కూతురికి పురుడు."

"వెళ్తున్నదానివి 'వస్తాను' అని ఎందుకన్నావు?"

"రానేటి మరి? ముసిలోడికి కూడెవులు వొండుతారు?"

జనంలో నవ్వు వచ్చి ఆగిపోయింది.

"నీ మాటలోని అంతరార్థం ఏమిటి? ఎవరు వస్తారని నీ ఉద్దేశం?"

"నానే."

"నువ్వు పైకి. నీ లోపల ఎవరు?"

"నా లోపల ఎవులుంటారు బాబూ, ఈ వొయిసులో? ఉంటే గింటే మా సెల్లి కూతురి లోపలున్నాడు. ఈ పాటికి ఆడూ వొచ్చీసుంటాడు."

మేష్టారు నవ్వలేదు. ఆయనకి మంచి మనసుంది కాబట్టి ఒక అవకాశం ఇచ్చారు. "పోలమ్మా, ఇప్పటికైనా సత్యం పలుకు. 'పోతున్నాను' అను. నీ పశ్చాత్తాపాన్ని నమోదు చేస్తాం."

"నమోదు సేసి వొగ్గేస్తారా?"

"శిక్ష మారదు. నమోదు చేస్తాం."

"అయితే మీ నమోదు మీ దగ్గరే ఉంచండి బాబూ" అంది పోలమ్మ.

శాశ్వత గమనం అన్నారు. పోలమ్మకి అర్థం కాలేదు. నా వైపు తిరిగి, "ఎక్కడికంట?" అని అడిగింది. నాకు మామూలుగానే మాట రాదు. కామేశం మలారం వైపు చూశాను. ఆమె కూడా చూసింది.

ఖైదీలని ఏనుగులసాలలో పెట్టేవారు. ఏనుగుల్ని ఎప్పుడో తోలేశారు.

మర్నాడు ఆమెని గుమ్మానికి తెచ్చారు. మేష్టారు, సమితివాళ్లు, తుపాకీలవాళ్లు అందరూ ఉన్నారు. తలుపు తియ్యమన్నారు. గడియ మీద చెయ్యి వేశాను. ఆ గడియ రోజూ తీసేదే. ఆ రోజు సగం తీసి ఆపేశాను.

పోలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "కూడు తిన్లేదేటి? మొకం సూడు ఎలాగైపోనాదో" అంది.

గమనవాక్యం అడగాల్సింది నేను. అడగలేదు. సోంబాబు అడిగాడు.

పోలమ్మ నా ముందుకి వచ్చి నిలబడింది. "నీకు సెప్పే ఎల్లాల గదా" అంది. "మరి ఎల్లొస్తాను."

సోంబాబు బోర్డు దగ్గరికి వెళ్లి, వేలు పెట్టి పైకే చదివాడు. "'వెళ్లొస్తాను' అని పలికిన వ్యక్తి గుమ్మము దాటరాదు. తక్షణము సమితి ఎదుట హాజరుపరచవలెను." చదివి, పోలమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తిప్పాడు.

"ఏం చేస్తున్నావు? ఆమెకి శిక్ష పడింది" అన్నారు మేష్టారు.

"శిక్ష పడినోల్లు అంటే పరవాలేదని రాసుందా, సమానా?"

"రాసిలేదు. నేను చెప్తున్నాను కదా."

"మీరు నోటితో సెప్పినారని నాను దాటించీసి, రేపు రాజదానోల్లు ఆ బోర్డు సూపిస్తే నా మెడ ఎవులిస్తారండి? నాకు అర్థాలు తెల్దు. నాను సదువుతాను, అంతే."

మేష్టారు బోర్డు దగ్గరికి వచ్చి మళ్లీ చదువుకున్నారు. అది ఆయన స్వయంగా రాసిన వాక్యం. ఎక్కడా సందు లేదు, విసంధి లేదు. అలాంటి వాక్యాన్ని కాదనడం ఆయన వల్ల కాలేదు. "శాసనం శాసనమే" అన్నారు చివరికి. "కొత్త నేరం. కొత్త విచారణ."

కొత్త నేరానికి మళ్లీ శాశ్వత గమనం విధించారు. మళ్లీ గుమ్మానికి తెచ్చారు. "కూడు తిన్నావా?" అని అడిగింది. తల ఊపాను. "అయితే ఎల్లొస్తాను" అంది. మళ్లీ తిప్పారు.

ఏనుగులసాలలో మిగతావాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. గాలివాన జాలరి, మంత్రసాని, ఇంకా ఎవరెవరో. ఎవర్ని గుమ్మానికి తెచ్చినా గట్టిగా, మర్యాదగా, "ఎల్లొస్తామండీ!" అనేవారు. వెళ్లేవారు కాదు, అన్నమాట ప్రకారం వచ్చేసేవారు. మా ఊళ్లో ఎవరైనా అన్నమాట మీద అంత ఖచ్చితంగా నిలబడ్డం నేను అప్పుడే చూశాను.

ఒకసారి పోలమ్మ నోట్లో గుడ్డ కుక్కి తెచ్చారు. సోంబాబు మొదటి నిబంధన చదివాడు. తన నోటితో గమనవాక్యం పలకందే దాటకూడదు. గుడ్డ తీశారు. పోలమ్మ ఉమ్మేసి, నోరు తుడుచుకుని, ఎప్పటి మాటే అంది.

విసిగిపోయి సమితిలో ఒకాయన, "ఆమె తరపున హవల్దారే 'పోతున్నాను' అనేస్తే సరిపోతుంది" అన్నాడు.

సోంబాబు నోరు తెరిచాడు. మేష్టారు చెయ్యెత్తి ఆపారు. "పోతున్నాను అనేది ఉత్తమపురుష. ఎవరు పలికితే వారికే అన్వయిస్తుంది. నువ్వు పలికితే వ్యాకరణరీత్యా తాటితోపుకి వెళ్లవలసింది నువ్వే."

సోంబాబు నోరు మూసుకున్నాడు.

శాసనం మార్చాలంటే రాజధాని ఒప్పుకోవాలి. మేష్టారు రాశారు. శిక్షపడ్డవాళ్లు వస్తామంటున్నారనీ, వస్తున్నారనీ వివరంగా రాశారు. రాజధాని నుంచి జవాబు గుర్రం మీద వచ్చింది. దాన్ని దండోరావాడు గుమ్మం దగ్గరే చదివాడు.

"మీ పట్టణమున పునరాగమనవాదులు దేశమందెల్ల అధికము. శాశ్వత గమనములు దేశమందెల్ల స్వల్పము. శాసనమున దోషము లేదు. కావున దోషము వేరొకచోట నున్నది. అధ్యక్షులు స్వయముగా వచ్చి వివరించవలెను."

వివరించడానికి రాజధాని వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదని అందరికీ తెలుసు. మేష్టారికి ఇంకా బాగా తెలుసు.

రాజధాని నుంచి ఇద్దరు మనుషులు బండితో వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు. మేష్టారు చిన్న సంచీ పట్టుకుని వచ్చారు. చెప్పులు లేకుండా వచ్చారు, మర్చిపోయినట్టున్నారు. వెనకాల వాళ్లమ్మగారు మహలక్ష్మమ్మ. బాగా పెద్దావిడ, చూపు సరిగ్గా ఆనదు. ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో కొడుకు పైపంచె కొంగు పట్టుకుని నడిచింది.

"గమనవాక్యం, సమానా" అన్నాడు సోంబాబు.

మేష్టారు బోర్డు వంక చూశారు. ఆ అక్షరాలు ఆయనవే.

"జోగీ" అంది మహలక్ష్మమ్మ గారు. "ఏమీ అనకుండా నిలబడ్డావేం? అమ్మకి చెప్పి బయల్దేరు."

"అమ్మా, ఇది ప్రభుత్వ కార్యం."

"ఏ కార్యమైతేనేం నాయనా? బడికి వెళ్లేటప్పుడు చెప్పేవాడివి, పెళ్లికి వెళ్లేటప్పుడు చెప్పావు. ఇప్పుడు పెద్దవాడివయ్యావా? చెప్పు. చెప్తేగాని కొంగు వదల్ను."

రాజధానివాళ్లు తొందరపెట్టారు. మేష్టారు నోరు తెరిచారు. 'పో' అనే అక్షరం వచ్చింది. వాళ్లమ్మ మొహం చూశారు. ఆవిడకి సరిగ్గా కనపడదు కాబట్టి, మాట కోసం చెవి ఇటు తిప్పి నిలబడి ఉంది.

"వెళ్లొస్తానమ్మా" అన్నారు.

"క్షేమంగా వెళ్లి లాభంగా రా" అని కొంగు వదిలింది ఆవిడ.

సోంబాబు అప్పటికే బోర్డు దగ్గర ఉన్నాడు. పైకి చదివాడు. చదివి మేష్టారి చెయ్యి పట్టుకుని లోపలికి తిప్పాడు. రాజధానివాళ్లు ఒప్పుకోలేదు, కత్తి మీద చెయ్యి వేశారు. సోంబాబు బోర్డు పైనున్న ముద్ర చూపించాడు. "ఇది మీ ముద్రే గదండీ? కాదని ఒక్క ముక్క రాసిచ్చీయండి, మీ పేరెట్టి. ఈ చణమే దాటించీస్తాను." వాళ్లిద్దరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. పేరు పెట్టడానికి ఎవరూ సిద్ధంగా లేరు. బండి ఖాళీగా వెళ్లిపోయింది.

మేష్టారిని ఏనుగులసాలకి తెచ్చారు. పోలమ్మ చాప మీద పక్కకి జరిగింది.

"రా బాబూ, కూకో. వొస్తానన్నావు, వొచ్చినావు. మంచి మాటకి అదే గుణం."

మేష్టారు సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఆయన్ని విచారించాల్సింది సమితి అధ్యక్షుడు. అధ్యక్షుడు ఆయనే. నేరం మీద ఉన్నవాడు పెద్ద కుర్చీలో కూర్చోకూడదని తీర్మానం ఉంది, అది కూడా ఆయన రాసిందే. ఆయన విచారణ తేలితేగాని మిగతావాళ్ల విచారణలు జరగవు. సమితిలో ఇంకెవరైనా అధ్యక్షుడవుతారా అని అడిగారు. ఎవరూ కాలేదు. అధ్యక్షుడైతే మొదట రాజధానికి వెళ్లి వివరించాలి మరి.

అలా ఆగిపోయింది. మహలక్ష్మమ్మ గారు రోజూ కొడుక్కి అన్నం తెచ్చేది. పోలమ్మకీ పెట్టేది. నాకు పోలమ్మ దాచి ఇచ్చేది. ఆ రోజుల్లో నేను తిన్నది అధ్యక్షుడి ఇంటి పచ్చడి.

రాజధానిలో ఏమైందో నాకు సరిగ్గా తెలీదు. వివరించమని ఒకరినొకరు పిలుచుకున్నారట. పిలిచినవాణ్ణి ఇంకొకడు పిలిచాడట. చివరికి ఒక్కడు మిగిలి, పిలవడానికి ఎవరూ లేక, ఏ గుమ్మంలోనూ ఏ మాటా అనకుండా పారిపోయాడట. వాడు చీర కట్టుకున్నాడో లేదో చెప్పినవాళ్లు లేరు.

ఇంకో ప్రభుత్వం వచ్చింది. రాజుగారిది కాదు. ఆయన రానే లేదు. కొత్త ప్రభుత్వం విమోచనాధికారి అని ఒక కుర్రాయన్ని పంపింది. ఇస్త్రీ బట్టలు, మెళ్లో ఈల. గుమ్మం దగ్గర బల్ల వేయించుకుని, ఏనుగులసాల తలుపులు తెరవమన్నారు. బోర్డు పీకించారు. ఇకమీదట ఎవరైనా ఏ మాటైనా అనవచ్చని చెప్పారు.

మొదట గాలివాన జాలరి వచ్చాడు. గుమ్మంలో ఆగాడు. వెనక్కి తిరిగి ఏనుగులసాల వంక చూసి, గట్టిగా, "పోతన్నాం!" అని దాటాడు. మంత్రసాని "పోతన్నాను" అని దాటింది. తరవాత వచ్చిన ప్రతివాళ్లూ అదే అన్నారు. మేష్టారు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని వచ్చారు. ఆయన చిన్నగా, స్పష్టంగా, "పోతున్నాను" అన్నారు. పోలమ్మ అయితే మూడుసార్లు అంది, ఉమ్మేసి మరీ.

కుర్రాయన కలం పైకెత్తారు. ఆయన మొహంలో రక్తం తగ్గడం చూశాను. ఇలాంటి మొహం ఇదివరకు ఒకసారి చూసి ఉన్నాను.

"ఆగండి! ఏమిటిది? ఇది కూలిపోయిన సమితి గమనవాక్యం కాదూ? నిర్బంధం తొలగిన తరువాత కూడా అందరూ ఏకకంఠంగా ఉచ్చరిస్తున్నారంటే దీని వెనక పాత సమితి రహస్య శాఖ ఉండి తీరాలి. తలుపులు మూయండి. ఒక్కరూ దాటడానికి వీల్లేదు!"

తలుపులు ముయ్యాల్సింది నేను. ఒక తలుపు ముయ్యడం మొదలుపెట్టాను కూడా, అలవాటు. పోలమ్మ గుమ్మం అవతల ఉంది. తలుపు సందులోంచి నన్ను చూస్తోంది.

నేను తలుపు వదిలేసి బల్ల దగ్గరికి వెళ్లాను.

"బాబూ" అన్నాను. "ఇది జైలు."

"అయితే?"

"జైలు కాడ, సావు కాడ ఎవులూ ఎల్లొస్తానన్రు బాబూ. అంటే మల్లా రావాల."

ఆయన కలం అలాగే పట్టుకుని ఉన్నారు. "అది మూఢనమ్మకం. ప్రభుత్వం దృష్టిలో ఉన్నది రెండు వాక్యాలు. ఒకటి రాజుది, ఒకటి సమితిది. ఈ రెండింటిలో జనం ఏ పక్షమో తేల్చవలసిన బాధ్యత నాది."

నాకు అంతకన్నా మాటలు లేవు. ఉన్నవి అయిపోయాయి. పోలమ్మ లోపలికి రాకుండానే, గడప అవతల నుంచి అడిగింది.

"తేల్చుదువుగాని బాబూ, నీకు అమ్మున్నాదా?"

"ఉంది. అయితే?"

"పొద్దు వాలిపోతంది. నీవూ బసకి ఎల్తావు గదా. ఈ ఏనుగులసాలకి సెప్పి ఎల్లు. ఏటని సెప్తావో ఇని, మేమూ అదే అంటాం."

కుర్రాయన నవ్వబోయారు. కాగితాలు సర్దుకుని లేచారు. గుమ్మం దాకా వచ్చారు. మర్యాదగల ఇంటి బిడ్డ, పెద్దవాణ్ణి కదా అని నా వైపు తిరిగి, చేతులు జోడించి, అలవాటుగా, "వెళ్లొ..." అన్నారు.

నా భుజం మీదుగా ఏనుగులసాల కనపడింది. తలుపులు బార్లా ఉన్నాయి. లోపల చాప పరిచే ఉంది.

ఆ మాట ఆయన గొంతులోనే ఆగింది. మింగారు. గుటక నాకు వినపడింది. చేతులు దించుకుని, ఏమీ అనకుండా, వెనక్కి చూడకుండా గబగబా దాటిపోయారు. ఈల చొక్కా మీద ఊగుతూ పోయింది. కలం బల్ల మీదే మర్చిపోయారు. దాని కోసం కూడా రాలేదు.

"మంచి పిల్లడే" అంది పోలమ్మ. "వాళ్లమ్మ బాగానే నేర్పినాది."

కామేశం మలారం గుమ్మం పక్కనే ఉంది. పోలమ్మ దాన్ని ఎత్తి నెత్తిన పెట్టుకుంది, వాళ్లింట్లో ఇచ్చేద్దామని. దారి పొడుగునా గాజులు చప్పుడు చేస్తూనే ఉన్నాయి. కామేశం ఇంటి ముందు మలారం దించి, వాడి పెళ్లాం పక్కన కాసేపు కూర్చున్నాం. లేచేటప్పుడు పోలమ్మా ఏమీ అనలేదు, నేనూ అనలేదు. ఆ ఇంట్లో ఏదీ అనకూడదు.

మర్నాడు పొద్దున్న తలుపులు తియ్యడానికి బయల్దేరాను. పోలమ్మ పొయ్యి ఊదుతోంది. గుమ్మంలో ఆగాను. చూరు కింద ఎవరూ లేరు. ఉన్నా అందును.

"వస్తా" అన్నాను.

"బేగి రా" అంది, పొగలోంచి.